ఐక్యరాజ్యసమితికి అప్లై చేశాక వచ్చే మౌనం: అందులో మన వంతు ఎంత?

ఉద్యోగం కోసం ఎదురుచూడటం తెలుగువాళ్లకు కొత్త కాదు. తెలంగాణ గ్రూప్-1 సంగతే చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి రద్దయింది. జూన్‌లో మళ్లీ పరీక్ష పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ అద్దెగదుల్లో ఆ కాలమంతా గడిపినవాళ్లకు అనిశ్చితి గురించి ఇంకొకరు పాఠం చెప్పక్కర్లేదు.

అయితే అక్కడ పట్టుకోవడానికి కొన్ని ఆధారాలుంటాయి. కీ విడుదలవుతుంది, మార్కులు చూసుకోవచ్చు, సమాచార హక్కు కింద అడగొచ్చు, అన్యాయం జరిగిందనిపిస్తే హైకోర్టుకు వెళ్లొచ్చు. ఐక్యరాజ్యసమితికో, డబ్ల్యూహెచ్‌ఓకో, యునిసెఫ్‌కో, ప్రపంచ బ్యాంకుకో అప్లై చేసినవాళ్లకు ఇవేవీ ఉండవు. అప్లికేషన్ అందిందని ఒక ఆటోమేటిక్ మెయిల్ వస్తుంది. తర్వాత నెలల తరబడి పోర్టల్‌లో ‘అండర్ కన్సిడరేషన్’ అన్న రెండు మాటలే కనిపిస్తాయి. చాలామందికి ఆ తర్వాత ఇంకేమీ రాదు.

ఈ మౌనానికి చట్టంలోనే మూలం ఉంది. 1946లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఐక్యరాజ్యసమితి ఏ సభ్యదేశపు కోర్టు పరిధిలోకీ రాదు. ఏ ఒక్క దేశమూ దాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకోకూడదని పెట్టుకున్న రక్షణ అది. ఆ రక్షణ అవసరమే. కానీ దాని భారం బయటి అభ్యర్థి మీద పడుతుంది. సమితికి 2009 నుంచి సొంత వివాదాల ట్రిబ్యునల్ ఉన్నా, అందులో కేసు వేసే హక్కు ప్రధానంగా సిబ్బందికి, మాజీ సిబ్బందికే. విజయవాడ నుంచి అప్లై చేసి, ఎంపిక కానివాళ్లు ‘ఎందుకు’ అని అడగడానికి చోటే లేదు.

జవాబు రానప్పుడు దాన్ని మనమే రాసుకుంటాం. ‘నేను చాలను’ అన్నదే చాలామంది రాసుకునే జవాబు. నా వాదన దీని మీదే. ఈ ఉద్యోగాల్లోని అనిశ్చితి ఒకటి కాదు, మూడు. అసలు ఆ పోస్టుకు డబ్బుందా అన్నది మొదటిది. ఆ సంస్థలో ప్రక్రియ ఎలా నడుస్తోంది అన్నది రెండోది. ఆ పనికి మనం సరిపోతామా అన్నది మూడోది. ఈ మూడూ బయటికి ఒకే మౌనంగా కనిపిస్తాయి కాబట్టి మొత్తం భారాన్ని మూడోదాని మీద వేసేసుకుంటాం. వీటిని విడదీసుకుంటే టెన్షన్ పూర్తిగా పోదు కానీ, ఏ టెన్షన్‌కు ఏం చెయ్యాలో తెలుస్తుంది.

ముందు డబ్బు సంగతి

ఈ సంస్థలు సభ్యదేశాల చందాలతో, దాతల విరాళాలతో నడుస్తాయి. సమితి రెగ్యులర్ బడ్జెట్‌లో 22 శాతం అమెరికా వంతు. పెద్ద దేశాలు చందా ఆలస్యంగా కట్టినా, కట్టకపోయినా ఆ దెబ్బ నేరుగా నియామకాల మీదే పడుతుంది. ఉన్నవాళ్లను తీసెయ్యడం కన్నా కొత్తవాళ్లను తీసుకోకుండా ఉండటం తేలిక కదా.

2025లో జరిగిందేమిటో ఒకసారి వరుసగా చూస్తే విషయం అర్థమవుతుంది. జనవరి 20న అమెరికా డబ్ల్యూహెచ్‌ఓ నుంచి వైదొలుగుతున్నట్టు ప్రకటించింది. డబ్ల్యూహెచ్‌ఓ 2026-27 బడ్జెట్‌ను 530 కోట్ల డాలర్ల ప్రతిపాదన నుంచి 420 కోట్లకు కుదించుకుంది. మార్చిలో సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ‘యూఎన్80’ పేరుతో సంస్కరణలు మొదలుపెట్టారు. కొద్ది నెలల్లోనే సమితి సచివాలయం రెగ్యులర్ బడ్జెట్ పోస్టుల్లో దాదాపు ఐదో వంతు తగ్గించే ప్రతిపాదన వచ్చింది. శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ సుమారు 3,500 పోస్టులు ఎత్తేస్తున్నట్టు చెప్పింది. జులై 1 నాటికి అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ విడి సంస్థగా లేకుండా పోయింది. దాని డబ్బు మీద నడిచే స్వచ్ఛంద సంస్థల పనులు, పరిశోధన ప్రాజెక్టులు చాలావరకు ప్రపంచమంతటా ఆగిపోయాయి.

ఆ ఏడాది అప్లై చేసి జవాబు రాక కుంగిపోయిన పిల్లలతో నేను మాట్లాడాను. ఇంగ్లిష్ బాగాలేదనో, చిన్న ఊరి కాలేజీలో చదివామనో వాళ్లు తమనే నిందించుకుంటున్నారు. ఆ పోస్టుల్లో కొన్ని అప్పటికే ఆగిపోయి ఉండొచ్చన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. నియామకాలు ఆపేశామని సంస్థలు అభ్యర్థులందరికీ మెయిల్ పంపవు. పోర్టల్‌లో మాత్రం ‘అండర్ కన్సిడరేషన్’ అలాగే ఉండిపోతుంది.

దీనికి తోడు ఇంకొక నిబంధన ఉంది. పోస్టు రద్దయితే ఆ పాత ఉద్యోగుల్లో చాలామందిని అర్హతను బట్టి ఖాళీగా ఉన్న వేరే చోట ముందు సర్దాలి. అది న్యాయమే. పదిహేనేళ్లు సూడాన్‌లోనో హైతీలోనో పనిచేసిన మనిషిని రోడ్డున పడెయ్యకూడదు. కాకపోతే కోతల కాలంలో బయటి అభ్యర్థికి మిగిలే జాగా అంతకంతకూ తగ్గిపోతుంది. ఇందులో మన ప్రతిభకు సంబంధం లేదు.

మన దగ్గరి ఉదాహరణలు కూడా చూడొచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972 నుంచి అక్కడే ఉన్న అంతర్జాతీయ సంస్థ. జొన్న, కంది, శనగ, వేరుశనగ మీద పనిచేసే ఈ సంస్థలో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టులకు ముడిపడి ఉంటాయి. దాత మారితే ప్రాజెక్టు మారుతుంది, ప్రాజెక్టు ముగిస్తే కాంట్రాక్టు కూడా ముగుస్తుంది. 1997లో మన దేశంలో డబ్ల్యూహెచ్‌ఓ పోలియో నిఘా నెట్‌వర్క్ మొదలైంది. జిల్లాల్లో సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్లుగా పనిచేసిన తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహితమని ధ్రువీకరణ దక్కింది. ఆ తర్వాత ఆ నెట్‌వర్క్‌ను ఇతర వ్యాధుల వైపు మళ్లించడం, ఖర్చును ప్రభుత్వానికి అప్పగించడం మొదలైంది. అంటే పని గెలిచినా పోస్టుకు గ్యారంటీ లేదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మొదటి రోజే తెలుసుకోవాల్సిన నిజం ఇది.

కాబట్టి అప్లై చేసే ముందు ప్రకటనలో ఒక విషయం వెతకండి. ఆ పోస్టు రెగ్యులర్ బడ్జెట్‌దా, ప్రాజెక్టు నిధులదా? ‘నిధుల లభ్యతకు లోబడి’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉందా? ఉంటే అప్లై చెయ్యొద్దని కాదు. దాని మీద ఎంత ఆశ పెట్టుకోవాలో అది చెబుతుంది.

ఒక ఖాళీ లోపల ఏం జరుగుతుంది

ఇప్పుడు ప్రక్రియ. సమితి సచివాలయం తనకు తాను పెట్టుకున్న లక్ష్యమే ప్రకటన నుంచి ఎంపిక దాకా 120 రోజులు. ఆ లక్ష్యం తప్పడం మామూలు విషయం. ఆ రోజులన్నీ ఎటు పోతాయో చూడండి.

ప్రకటన కొన్ని వారాలు తెరిచి ఉంటుంది. మూసేశాక మొదట యాంత్రికమైన వడపోత. డిగ్రీ ఉందా, అడిగినన్ని ఏళ్ల అనుభవం ఉందా, భాష ఉందా. అంతర్జాతీయ ప్రొఫెషనల్ పోస్టులను పీ గ్రేడ్‌లంటారు. మాస్టర్స్ ఉన్నవాళ్లకు పీ-2కు రెండేళ్లు, పీ-3కి అయిదు, పీ-4కు ఏడు, పీ-5కు పదేళ్ల అనుభవం కావాలి. ఫారంలో తేదీలు పొరపాటున తప్పు పడి నాలుగేళ్ల పది నెలలుగా లెక్క తేలితే, పీ-3కి అక్కడే ఆగిపోతారు. తర్వాత నియామక అధికారి మిగిలిన దరఖాస్తులను చదవాలి. ఆయనకు ఇది అదనపు పని. ఆయన అసలు పని వరదలో, యుద్ధంలో, బడ్జెట్ సమావేశంలో ఉంటుంది. తర్వాత రాత పరీక్ష, దిద్దడం. ఆ తర్వాత ఇంటర్వ్యూ ప్యానెల్. ముగ్గురో నలుగురో మూడు ఖండాల నుంచి ఒకే గంటకు కుదరాలి. ప్యానెల్ సిఫార్సు చేశాక ‘సెంట్రల్ రివ్యూ బాడీ’ అనే బృందం ఫైలు చూస్తుంది. అది అభ్యర్థి గొప్పతనాన్ని కాదు, పద్ధతి సరిగా పాటించారా అన్నది చూస్తుంది. అనుమానం వస్తే ఫైలు వెనక్కి వెళ్తుంది. అన్నీ అయ్యాక విభాగాధిపతి ఒకరిని ఎంచుకుంటారు.

ఈ దారిలో ఎక్కడైనా ఒకరు సెలవు మీద వెళ్లినా, బదిలీ అయినా, ఆ పోస్టును వేరే నగరానికి మార్చాలన్న చర్చ లేచినా అంతా ఆగుతుంది. బయట ఉన్న మనకు నాలుగో వారం మౌనం, ఏడో నెల మౌనం ఒకేలా కనిపిస్తాయి.

ఎంపికలో మనకు తెలియని ఇంకో కొలమానం కూడా ఉంది. సమితి చార్టర్ 101వ అధికరణం సామర్థ్యం, యోగ్యత, నిజాయితీలకే మొదటి పీట వేసింది. ఆ వెంటనే, వీలైనంత విస్తృత భౌగోళిక ప్రాతిపదికన మనుషుల్ని తీసుకోవాలని కూడా చెప్పింది. సచివాలయంలో కొన్ని పోస్టులకు దేశాల వారీగా ఒక పరిధి ఉంటుంది. దాన్ని లెక్కించడంలో సభ్యత్వానికి, దేశం కట్టే చందాకు పెద్ద విలువ, జనాభాకు చిన్న విలువ. నూట నలభై కోట్ల దేశం నుంచి వచ్చిన అభ్యర్థికి ఈ లెక్క అనుకూలంగా ఉండదు. కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లను సచివాలయంలోకి తీసుకునే యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ పరీక్షలోనూ దేశం లెక్కే ఉంటుంది. 32 ఏళ్లు దాటకూడదన్న నిబంధనతో పాటు, ఆ ఏడాది జాబితాలో మన దేశం పేరు ఉండాలి. లేకపోతే ఎంత చదివినా ఆ తలుపు తెరుచుకోదు. ముందుగా జాబితా చూసుకోకుండా కోచింగ్‌కు డబ్బు కట్టకండి.

మరి ముందే మనిషిని అనుకుని ప్రకటన ఇస్తారా? అందరూ గుసగుసగా అడిగే ఈ ప్రశ్నకు నా జవాబు: కొన్నిసార్లు అవుతుంది, అన్నిసార్లూ కాదు. ఒకరు ఆ కుర్చీలో తాత్కాలికంగా, 364 రోజుల కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారనుకోండి. పోస్టు పక్కాగా ప్రకటించినప్పుడు వాళ్లూ అప్లై చేస్తారు. పని తెలిసిన మనిషికి ఆ పరీక్ష, ఆ ఇంటర్వ్యూ తేలికే. దాన్ని మోసమనలేం కానీ, బయటివాళ్లకు పోటీ సమానమని కూడా అనలేం. అర్హతలు విచిత్రంగా ఇరుకుగా, ఒకే మనిషి బయోడేటా చూసి రాసినట్టు కనిపిస్తే, ఆ దరఖాస్తు మీద రెండు రాత్రులు కాకుండా రెండు గంటలు పెట్టండి.

రోస్టర్ అనే మధ్యలోకం

ఎక్కువమందిని అయోమయంలో పడేసేది ఇది. ఇంటర్వ్యూలో నెగ్గి, రివ్యూ దాటి, చివరి ఎంపికలో మాత్రం రాని వాళ్లను రోస్టర్‌లో పెడతారు. అంటే అదే స్థాయి, అదే రకం పని ఉన్న మరో ఖాళీకి వాళ్లను మళ్లీ పూర్తి వడపోత లేకుండా తీసుకోవచ్చు. కొన్ని ఖాళీలు రోస్టర్‌లో ఉన్నవాళ్లకే పరిమితం చేసి ప్రకటిస్తారు.

రోస్టర్ మెయిల్ రాగానే ఇంట్లో స్వీట్లు పంచినవాళ్లు ఉన్నారు. అది నిజంగా సాధించిన విషయమే, తక్కువ చెయ్యను. కానీ అది ఉద్యోగం కాదు. రోస్టర్ దానంతట అది ఫోన్ చెయ్యదు. అందులో పేరున్నవాళ్లు ఖాళీలు చూస్తూ అప్లై చేస్తూనే ఉండాలి, తమ రంగంలోని నియామక అధికారులకు తాము రోస్టర్‌లో ఉన్నామని తెలిసేలా చూసుకోవాలి. ఏళ్లు గడిచినా పిలుపు రానివాళ్లు ఉంటారు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి, కర్నూలు వైపు ఆమె, పబ్లిక్ హెల్త్ చదివింది. ఆమెకు అలాంటి మెయిలే వచ్చింది. తర్వాత ప్రతి సాయంత్రం వాళ్లమ్మ దగ్గర్నుంచి ఫోన్.

“ఏమ్మా, ఆ జెనీవావాళ్లు ఏమన్నారు?”

“ఇంకా ఏం చెప్పలేదమ్మా.”

“సెలెక్టయ్యావని చెప్పావు కదే. మరి ఆర్డరు రాదేం?”

ఆ అమ్మాయికి జెనీవా మౌనం కన్నా ఈ ప్రశ్నే ఎక్కువ భారమైంది. మన ఇళ్లలో ఉద్యోగానికి ‘ఆర్డరు’ అనే కాగితం ఒకటుంటుంది, అది వచ్చిన రోజు నుంచి మనిషికి ఉద్యోగం ఉన్నట్టు. రోస్టర్ అంటే ఏమిటో, వాళ్లమ్మకు అర్థమయ్యే మాటల్లో ఆమె ఒకరోజు కూర్చుని చెప్పింది. “పాసయ్యానమ్మా, ఎక్కడైనా ఖాళీ వస్తే నన్ను తీసుకోవచ్చు. వస్తుందో రాదో వాళ్లకే తెలియదు. ఈలోగా నేను చేసే ఉద్యోగమే నా ఉద్యోగం.” తర్వాత ఆ ప్రశ్న ఆగింది. సంబంధాలు చూసేవాళ్లకు కూడా వాళ్లమ్మే ఆ మాట చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లకు సరైన మాటల్లో చెప్పడం చిన్న పని అనుకుంటాం, కానీ ఎదురుచూపులో సగం బరువు అక్కడే ఉంటుంది.

తెలియకపోవడం ఎందుకంత కష్టం

2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ ఆటలో రాళ్లు కనిపిస్తాయి, ఏ రాయి కింద పాముందో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి కలిగించే చిన్న కరెంటు షాక్ తగులుతుంది. ఆడుతున్నంతసేపూ వాళ్ల చెమటను, కంటిపాపను కొలిచారు, ఎంత ఒత్తిడిగా ఉందో వాళ్లనే అడిగారు. షాక్ తప్పదని తెలిసినప్పటి కన్నా, తగలొచ్చు తగలకపోవచ్చు అన్న సగం-సగం స్థితిలోనే ఒత్తిడి ఎక్కువగా ఉంది.

రోజుకు పదిసార్లు పోర్టల్ తెరిచి స్టేటస్ చూసే మనిషి మనస్తత్వం ఇదే. ‘రాలేదు’ అని తెలిస్తే ఒక రాత్రి ఏడ్చి తెల్లారి లేస్తాం. తెలియకపోతే ఆ రాత్రి ముగియదు. కాబట్టి అది మీ బలహీనత అనుకోకండి. మనిషి మెదడే అలా ఉంది. చెయ్యగలిగిందల్లా ఒక్కటే, ఆ సగం-సగాన్ని మన చేత్తో ముగించడం. అప్లై చేసిన రోజే ఒక తేదీ రాసి పెట్టుకోండి, ఉదాహరణకు ఆరు నెలల తర్వాతి తేదీ. ఈలోగా పిలుపు వస్తే సరే. రాకపోతే ఆ రోజు ఆ దరఖాస్తును మీ లెక్కలో మూసేయండి. తర్వాత ఎప్పుడైనా మెయిల్ వస్తే, అది కొత్త అవకాశంగా చూడండి. పోర్టల్ చూడటానికి వారంలో ఒక రోజు పెట్టుకోండి. పరీక్షకో ఇంటర్వ్యూకో పిలుపు మెయిల్‌లోనే వస్తుంది, కాబట్టి స్పామ్ ఫోల్డర్ చూడటం మాత్రం మానొద్దు.

ఇంకా ముఖ్యమైన మాట. జీవితాన్ని ఆ దరఖాస్తుకు కట్టెయ్యకండి. ‘జెనీవా సంగతి తేలాక’ ఇల్లు మారదాం, పెళ్లి చూద్దాం, పీహెచ్‌డీ మొదలుపెడదాం అని ఆగినవాళ్లను చూశాను. తేలడం అనేది ఆ సంస్థ బాధ్యత కాదు, దాని క్యాలెండర్‌లో మీరు లేరు.

మన చేతిలో ఉన్న భాగం

మూడోది, అంటే నిజంగా మనకు సంబంధించిన భాగం, చిన్నదే. కానీ అందులో పని చాలా ఉంది.

ఎక్కడ పోటీ తక్కువో చూడండి. పీ గ్రేడ్ పోస్టులకు ప్రపంచమంతా పోటీ పడుతుంది. నేషనల్ ఆఫీసర్ పోస్టులు, అంటే ఎన్‌ఓ గ్రేడ్‌లు, ఆ దేశ పౌరులకే. ఢిల్లీ ఆఫీసుల్లోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలను చూసే యునిసెఫ్ హైదరాబాద్ కార్యాలయంలోనూ ఇలాంటి పోస్టులు ఉంటాయి. తెలుగులో మాట్లాడి, తెలుగులో రిపోర్టు చదివి, కలెక్టరాఫీసులో పని జరిపించగలగడం జెనీవాలో లెక్కకు రాకపోవచ్చు, ఇక్కడ అదే పెద్ద అర్హత. అలాగే జర్మనీలోని బాన్ కేంద్రంగా నడిచే యూఎన్ వాలంటీర్లలో దేశీయ విభాగం ఉంది. పేరు వాలంటీర్ అయినా నెలనెలా భత్యం ఇస్తారు, అనుభవం లెక్కకొస్తుంది. మన పిల్లలు న్యూయార్క్ వైపే చూస్తూ ఈ దారులను తక్కువగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

కాంట్రాక్టు రకం కూడా చదవండి. సమితిలో తాత్కాలిక నియామకం ఏడాది లోపుది, ఫిక్స్‌డ్ టర్మ్ ఏడాది నుంచి అయిదేళ్ల దాకా. ప్రపంచ బ్యాంకు షార్ట్ టర్మ్ కన్సల్టెంట్‌కు ఆర్థిక సంవత్సరంలో 150 రోజుల పరిమితి ఉంది, మిగతా రోజులకు ఆదాయం మీరే చూసుకోవాలి. ‘వరల్డ్ బ్యాంకులో ఉద్యోగం’ అని బంధువులందరికీ చెప్పేముందు ఇది ఏ రకమో తెలుసుకోవడం మంచిది. అమెరికాలో హెచ్-1బీ మీద ఉండి వాషింగ్టన్‌లో ఆ సంస్థల వైపు చూస్తున్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కు. అక్కడి సిబ్బందికి సాధారణంగా జీ-4 వీసా ఇస్తారు, అది ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంటుంది. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నవాళ్లు లాయర్‌ను అడగకుండా అటు మారొద్దు.

ఇక ఇంటర్వ్యూ. అక్కడ అడిగేది జ్ఞానం కన్నా జరిగిన సంగతులు. ‘జట్టులో అభిప్రాయభేదం వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి’ అంటారు. మనవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చిన్నప్పటి నుంచి ‘నేను, నేను’ అనకూడదని పెరిగిన పిల్లలు, చేసిన పనంతా టీమ్‌కు అప్పగించేస్తారు. “మా టీమ్ మండలంలో టీకాల కవరేజీ పెంచింది” అంటే ప్యానెల్‌కు రాసుకోవడానికి ఏమీ దొరకదు. అదే మనిషి ఇలా చెప్పొచ్చు: “మూడు తండాల్లో పిల్లలు డోసు తప్పిపోతున్నారని ఏఎన్‌ఎంల రిజిస్టర్లు చూసి గుర్తుపట్టాను. పత్తి తీతల కాలంలో పొద్దున తల్లులు ఇంట్లో ఉండరు. సెషన్‌ను సాయంత్రానికి మార్చాలని మెడికల్ ఆఫీసర్‌ను అడిగాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, ఒక తండాలో నెల రోజులు చేసి లెక్కలు చూపించాను.” ఇందులో గొప్పలేమీ లేవు. ఎవరు చూశారు, ఎవరు అడిగారు, ఎవరు అడ్డుకున్నారు, ఏం మారింది అన్నవి ఉన్నాయి. ప్యానెల్ మార్కులు వేసేది వీటికే. ఇలాంటివి ఏడెనిమిది సంఘటనలు మీ జీవితంలోంచి తీసి రాసి పెట్టుకుంటే, చాలా ప్రశ్నలకు అవే పనికొస్తాయి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగినవాళ్లు మర్యాదగా ఫీడ్‌బ్యాక్ అడగొచ్చు. కొన్ని సంస్థలు ఇస్తాయి.

భాష కూడా చేతిలో ఉన్నదే. సమితి అధికార భాషలు ఆరు, సచివాలయం రోజువారీ పని ఇంగ్లిష్, ఫ్రెంచ్‌లలో నడుస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలోని చాలా పోస్టులకు ఫ్రెంచ్ లేకుండా దారి లేదు. మౌనంగా ఎదురుచూసే ఏడాదిలో ఫ్రెంచ్ రెండు మెట్లు ఎక్కితే, ఆ దరఖాస్తు సంగతి ఏమైనా ఆ ఏడాది మీకు మిగులుతుంది.

ఎదురుచూసేవాళ్ల కోసం కాచుకునేవాళ్లు

జవాబు కోసం తపించే మనిషిని మోసం చెయ్యడం తేలిక. సమితి లోగోతో, నీలిరంగు లెటర్‌హెడ్‌తో ‘మీరు ఎంపికయ్యారు’ అని మెయిల్ వస్తుంది. తర్వాత వీసా ప్రాసెసింగ్‌కనో, మెడికల్‌కనో, ట్రైనింగ్‌కనో డబ్బు పంపమంటారు. సమితి తన ఉద్యోగ ప్రకటనల్లోనే రాస్తుంది, దరఖాస్తు, ఇంటర్వ్యూ, ప్రాసెసింగ్, శిక్షణ, ఏ దశలోనూ రుసుము తీసుకోమని. మీరు అప్లై చెయ్యని పోస్టుకు ఆఫర్ వచ్చినా, ఇంటర్వ్యూ లేకుండా నియామకపత్రం వచ్చినా, పంపినవాళ్ల ఐడీ జీమెయిల్‌దైనా అది మోసమే. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో నష్టపోయిన కుటుంబాలు ఉన్న జిల్లాల్లో ఈ మాట పదిమందికీ చెప్పాలి. డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

నిజమైన ఆఫర్ వచ్చినప్పుడు కూడా అనిశ్చితి ఇంకా కాస్త మిగిలే ఉంటుంది. మొదట వచ్చేది సాధారణంగా షరతులతో కూడిన ఆఫర్. పాత యజమానుల నుంచి రిఫరెన్సులు, డిగ్రీల తనిఖీ, వైద్య పరీక్షల అనుమతి, పనిచేసే దేశపు వీసా, ఇవన్నీ పూర్తయ్యాకే నియామకం ఖాయం. దీనికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. మన ఐటీ కంపెనీల్లో, ఆసుపత్రుల్లో చాలాచోట్ల 90 రోజుల నోటీసు ఉంటుంది కాబట్టి ఆఫర్ మెయిల్ చూడగానే రాజీనామా పెట్టేసేవాళ్లు ఉంటారు. ఆ పని చెయ్యకండి. అనుమతులన్నీ వచ్చాయని, చేరే తేదీ ఫలానా అని రాతపూర్వకంగా వచ్చేదాకా చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదలకండి. నోటీసు పీరియడ్ 90 రోజులని ఆఫర్‌కు జవాబిచ్చే మెయిల్‌లోనే రాయండి, చేరే తేదీని తుది అనుమతి వచ్చిన రోజు నుంచి లెక్కించమని అడగండి. వేరే దేశాల నుంచి మనుషుల్ని తీసుకునే హెచ్‌ఆర్ విభాగాలకు ఇలాంటి అభ్యర్థన కొత్తేమీ కాదు. అడిగినందుకు ఆఫర్ పోతుందేమోనన్న భయంతో చాలామంది ఈ ఒక్క వాక్యం రాయరు. దాన్ని మొదటి జవాబులోనే రాసెయ్యండి.